పిల్లను చేరనివ్వని గొర్రె

“ఈ ఆదివారం ప్రసంగం నా వల్ల కాదు, అయ్యగారూ” అన్నాడు నతానియేలు.

తీతు అయ్యగారు వేపపుల్ల పక్కన పెట్టి నోరు పుక్కిలించారు.

“ఏమిటి పాఠం?”

“మంచి కాపరి.”

నతానియేలుకు పేరు తెచ్చిందే ఆ ప్రసంగం. కాపరి గొర్రెపిల్లను భుజాన వేసుకునే చోటికి వచ్చేసరికి, చందా అడిగితే మొహం తిప్పుకునే పెద్దలు కూడా కళ్ళు ఒత్తుకునేవారు. పత్తికొండ చుట్టుపక్కల సంఘాలు ఆ ఒక్క ప్రసంగం కోసమే అతన్ని పిలిచేవి. ఆ సంగతి అతనికీ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

మూడు నెలల క్రితం అతని భార్య సుగుణ ఆడపిల్లను కని కన్నుమూసింది. పిల్ల ఆదోనిలో అతని తల్లి దగ్గర పెరుగుతోంది. అతను రెండే రెండుసార్లు వెళ్ళి చూశాడు. ఎత్తుకోలేదు, పేరూ పెట్టలేదు. పిల్లల్లేని బంధువులు బళ్ళారిలో ఉన్నారు. మాకిస్తే పెంచుకుంటామని వాళ్ళు అడిగితే సరేనన్నాడు. సోమవారం వచ్చి తీసుకుపోతారు.

“ఆ పిల్లను చూస్తే నాకు సుగుణ చావే కనిపిస్తుంది. భుజాన ఎత్తుకునే కాపరి ఆ రోజు ఎటు పోయాడో నాకు తెలియదు. తెలియనిది జనానికి ఎలా చెప్పను?” అన్నాడు.

పన్నెండేళ్ళ కిందట అతనికి వాక్యం నేర్పింది తీతు అయ్యగారే. ఆయన మందలించలేదు, ఓదార్చనూ లేదు.

“చెప్పులు వేసుకో” అన్నారు.

ఊరవతల ఒక రైతు చేలో బీరన్న గొర్రెల మంద దిగి ఉంది. బీరన్న ఏనాడూ చర్చి గడప తొక్కలేదు, అతని దేవుడు అతనికున్నాడు. అయినా తనకు వాక్యంలో ఏదైనా ముడిపడితే అయ్యగారు నలభై ఏళ్ళుగా ఆ మంద దగ్గరికే నడుస్తున్నారు. ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు, తెలిస్తే ఊరుకోరు కూడా.

వాళ్ళు వెళ్ళేసరికి బీరన్న పెంటికల నేల మీదే చతికిలబడి ఉన్నాడు. ఒక గొర్రె మెడను చంకలో ఇరికించుకుని, మోకాలిని దాని డొక్కకు ఆనించి పట్టుకున్నాడు. కాళ్ళు వణుకుతున్న పిల్ల ఒకటి పొదుగు కోసం తడుముకుంటోంది. గొర్రె కాలు విదిలిస్తే అది దూరంగా పోయి పడింది. బీరన్న దాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

“చేరనివ్వడం లేదా, బీరన్నా?”

“తొలి ఈత సామీ. పిల్ల అడ్డం తిరిగింది. సచ్చి బతికింది ఇది. ఆ నొప్పంతా ఈ పిల్ల వల్లనే అనుకుంటాంది పిచ్చిది. దగ్గరికొస్తే కుమ్ముతాంది.”

“పిల్లకు ఉప్పు పూసి చూశావా?”

“పూసినా. నాలుక పెట్టి నాకనే ల్యా.”

“కాసేపు మా వాడికివ్వు” అన్నారు అయ్యగారు.

బీరన్న నతానియేలును ఎగాదిగా చూసి, నవ్వు ఆపుకుని పక్కకు జరిగాడు.

నతానియేలు కూర్చుని గొర్రెను పట్టుకున్నాడు. అది ఒక్క గింజు గింజుకుంటే వెల్లకిలా పడ్డాడు. లేచి మళ్ళీ పట్టుకున్నాడు. డెక్క తగిలి అతని మోకాలి కింద గీరుకుపోయింది. పిల్ల పొదుగు అందుకోబోతుంటే గొర్రె ఈసారి దాని మూతి మీదే తన్నింది.

“ఛీ! నీ బిడ్డే కదే అది!” అని అరిచాడు నతానియేలు.

అయ్యగారు కంచె వైపు చూస్తూ నిలబడ్డారు.

“తిట్టొద్దు నాయినా” అన్నాడు బీరన్న. “దానికి తెల్దా? కాన్పు కష్టమైంది, అంతే. గట్టిగా పట్టుకో. నొప్పి తగలకుండా గట్టిగా.”

నతానియేలు రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాడు. అరచేతి కింద గొర్రె గుండె దడదడ కొట్టుకుంటోంది. దాని వేడి ఊపిరి అతని మెడకు తగులుతోంది.

“ఇలా ఎన్నాళ్ళు పట్టుకోవాలి?”

“అది ఒప్పుకునేదాకా.”

“ఒప్పుకోకపోతే?”

ఆ ప్రశ్న బీరన్నకు అర్థం కాలేదు.

“ఒప్పుకునేదాకా నాయినా. నిన్నటి నుంచి పట్టుకునే ఉండా. సంగటి కూడా ఈడికే తెప్పించుకున్యా. ఇడిసిపెట్టి యాడికి పోతా? నాది కదా గొర్రె.”

పెనుగులాడి పెనుగులాడి గొర్రె ఒళ్ళు ఎప్పుడో వదులైంది. మనసు మార్చుకున్నట్టేమీ లేదు. తల అటు తిప్పుకునే ఉంది, పిల్ల వైపు చూడను కూడా లేదు. అయినా పాలు చేపింది. పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. దాని చిట్టి తోక టపటపా ఆడింది.

మూడు నెలలుగా తన రొమ్మును అదిమి, అటూ ఇటూ కదలనివ్వకుండా ఉన్న బరువు నతానియేలుకు ఉన్నట్టుండి తెలిసివచ్చింది. అదేదో బండ అనుకున్నాడు ఇన్నాళ్ళూ, పట్టుకున్న చేతులని అనుకోలేదు. ఎవరో వెనక ఉన్నట్టనిపించి తిరిగి చూశాడు. ఖాళీ చేను, దాని మీద పొద్దుటి ఎండ. ఆ ఎండలోకి తల ఎత్తి చూడడానికి అతనికి భయం వేసింది. తల వంచుకుని, గొర్రె వీపులో మొహం దాచుకుని ఏడ్చాడు.

అయ్యగారు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నారు.

“అయ్యగారూ” అన్నాడు అతను మొహం ఎత్తకుండానే. “ఆ పిల్ల మీద నాకింకా ప్రేమ పుట్టలేదు.”

“దీనికీ పుట్టలేదు” అన్నారు అయ్యగారు గొర్రె తల నిమురుతూ. “పిల్ల కడుపు నిండింది, చూడు.”

నతానియేలు చూశాడు. తర్వాత గొర్రెను జాగ్రత్తగా బీరన్న చేతికిచ్చి లేచి, ఆదోని బస్సు ఎన్నింటికని అడిగాడు.