కొలకర్ర వదిలేసిన ముళ్ళపంది

అనగనగా అడవి చివర, ఒక మెట్ట మీద, తల్లి కుందేలు ఇల్లు కట్టుకుంటోంది. కింద ఉన్న బొరియలోకి నీళ్ళొచ్చేశాయి మరి. పిల్లలేమో పసివాళ్ళు. మళ్ళీ వానలు పడేలోగా కప్పు వెయ్యకపోతే తడిసిపోతారని దాని దిగులు.

ఎలుగుబంటి వచ్చి గోడలు లేపింది. కప్పుకు వేసే వాసాలు కోసే పని ముళ్ళపందిది. కుందేలు ఈ గోడ నుంచి ఆ గోడకు సరిపోయేలా ఒక కర్ర కోసి దానికిచ్చింది.

"అన్నా, ఇదే కొలకర్ర. ప్రతి వాసాన్నీ దీంతోనే కొలిచి కొయ్యి," అంది.

"నాకు చెప్పాలా చెల్లీ," అంది ముళ్ళపంది.

దానికి పళ్ళే రంపం. వాగు అవతల వెదురుపొదలో మొదటి వాసాన్ని కొలకర్రతో కొలిచే కోసింది. రెండోది కోసేటప్పటికి కొలకర్ర కాస్త దూరాన పడి ఉంది. లేచి వెళ్ళి ఎవరు తెస్తారు? ఎదురుగా మొదటి వాసం ఉంది కదా, దాన్ని పెట్టి రెండోది కోసింది. రెండోదాన్ని పెట్టి మూడోది. ఇక అంతే, అన్నీ అలాగే. పళ్ళు ఆనించినప్పుడల్లా గోరంత లోపలికి పోయేది. గోరంతే కదా అనుకుంది.

సాయంత్రం వాసాలు ఎక్కించారు. మొదటిది గోడల మీద చక్కగా కూర్చుంది. రెండోదీ ఫరవాలేదు. మూడోది అంచున వేలాడింది. ఆ తర్వాతది ధబీమని లోపల పడింది.

"నీ గోడ పక్కకి జరిగింది," అంది ముళ్ళపంది.

"నా గోడకేమైనా కాళ్ళున్నాయా?" అంది ఎలుగుబంటి.

కుందేలు వాసాలన్నీ పక్కపక్కన పరిచింది. అవి మెట్లలా దిగిపోయాయి. చివరిది జానెడు పొట్టి.

"కొలకర్ర ఏదీ, అన్నా?"

"ముందు వాసాన్ని చూసి వెనకది కోశాను చెల్లీ. గోరంతే తగ్గిందనుకున్నా."

"గోరంతే. కానీ ప్రతి వాసం ఆ గోరంతని తర్వాతదానికి అప్పజెప్పింది."

అంతలో వాన మొదలైంది. పిల్లలు ఎలుగుబంటి పొట్ట కింద దూరారు. అందరికంటే చిన్నది సగం తడిసి, వణుకుతూ అడిగింది: "మామా, మా కప్పేదీ?"

 ముళ్ళపందికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఆ వానలోనే వాగు దాటింది. ఈసారి కొలకర్రని పక్కనే పెట్టుకుంది. ఒక్కో వాసాన్నీ దాంతోనే కొలిచి కోసింది.

అందరూ కలిసి కప్పు వేశారు. పిల్లలు వెచ్చగా నిద్రపోయారు.

"లోపలికి రా అన్నా, తడుస్తున్నావు," అని కుందేలు పిలిచింది.

"ఉండు చెల్లీ," అంది ముళ్ళపంది, వానలో కప్పు చుట్టూ తిరుగుతూ. "ఎక్కడైనా చుక్క కారుతోందేమో చూసొస్తా."

నీతి: ప్రతిసారీ అసలు కొలతతోనే కొలవాలి. గోరంతే కదా అని వదిలేస్తే, ఆఖరికి అది జానెడవుతుంది.