బొట్టు పెట్టిన బండలు

అనగనగా ఒక ఊళ్ళో రైలు రాని స్టేషను ఒకటి ఉండేది. పడుకో బంగారూ, కానీ ఊఁ కొట్టడం మానకు. నీ ఊఁ ఆగిందంటే కథా ఆగిపోతుంది, సిగ్నలు పడని రైలులాగా.

ఆ ఊరి పేరు రాళ్ళపాయ. చుట్టూ నాపరాళ్ళ గనులు. ఇంటి గోడా నాపరాయే, ఇంటి కప్పూ నాపరాయే. చివరికి పిల్లలు అక్షరాలు దిద్దుకునేదీ నాపరాయి ముక్క మీదే.

ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒక కుమ్మరావిడ ఉండేది. ఆమె భర్త మద్దిలేటి సారె తిప్పి కుండలు చేసేవాడు. సారె అంటే కుమ్మరి చక్రం. ఓబులమ్మ వాటిని ఆవంలో కాల్చి, గురువారం వాగు అవతలి సంతకు తీసుకుపోయి అమ్మేది.

అప్పట్లో మూడు పెట్టెల పాసింజరు రైలు ఒకటి తిరిగేది. ఓబులమ్మ తన గంపలు చివరి పెట్టెలో పెట్టుకుని, వాటి పక్కనే గొంతుక్కూర్చునేది. రైలు ఉయ్యాల ఊపినట్టు మెల్లగా ఊపుతూ సంతకు చేర్చేది. ఒక్క కుండ పగిలేది కాదు.

ఆ తర్వాత రైలును వేరే పెద్ద దారిలోకి మళ్ళించారు. పట్టాలు ఊడదీసి తీసుకుపోయారు. వాగు మీద వంతెనకు రెండు ఇనుప దూలాలు మిగిలాయి. ఎవరూ పడిపోకుండా రెండు వైపులా గేట్లు పెట్టి తాళాలు వేశారు. దారి నిండా ముళ్ళకంప మొలిచింది.

అప్పటి నుంచి ఓబులమ్మ ట్రాక్టరులో పోవలసి వచ్చింది. రాళ్ళ లారీలు తిరిగే దారి కదా, మనిషి మునిగేంత గుంతలు. పది కుండలు ఎక్కిస్తే మూడు పగిలేవి.

ఒకరోజు మద్దిలేటి పగిలిన పెంకులు చేత్తో ఎత్తి, "మే ఓబులమ్మా, చేసేది నేను, పగలగొట్టేది ఆ దారి. ఈ వేసవి చూస్తా. ఇట్లనే ఉంటే సారె పెరికి గొడ్ల పాకలో పడేస్తా" అన్నాడు.

కోపంగా అనలేదు. మెల్లగా అన్నాడు. అందుకే ఓబులమ్మకు భయం వేసింది.

ఊఁ అను.

ఆ ఊళ్ళోనే దస్తగిరి అని ఒకాయన ఉండేవాడు. రైలు ఉన్న రోజుల్లో పట్టాల గ్యాంగులో పనిచేసి, పింఛను తీసుకుంటున్న మనిషి. ఒక ఆదివారం పొద్దున గొడ్డలి భుజాన వేసుకుని పోయి, స్టేషను దగ్గర ఒక్కడే కంప కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏం దస్తగిరీ, రైలు వస్తాందా ఏంది?" అని దారిన పోయేవాళ్ళు ఎగతాళి చేశారు.

"రైలు రాదప్పా. మనమే పోదాం" అన్నాడు దస్తగిరి.

ఆ మాట ఊళ్ళో తిరిగింది. మరుసటి ఆదివారం నలుగురు వచ్చారు. ఆ పై ఆదివారం నలభై మంది వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరికీ కూలి లేదు. ఒక ఇంటి నుంచి రాగిసంగటి, ఒక ఇంటి నుంచి ఊరిమిండి పచ్చడి వచ్చేవి, అంతే.

మొదట కంప తీశారు. చేతుల నిండా ముళ్ళు గుచ్చుకున్నాయి. ఆ తర్వాత పట్టాల కింది కంకర మీద ఎర్రటి గరుసు మట్టి తోలి, నీళ్ళు చల్లి, మెత్తగా తొక్కారు. పిల్లలైతే తొక్కమంటే గంతులే వేశారు. ఇక మూడోది వంతెన. ఆ ఇనుప దూలాల మీద బండలు పరిస్తేనే దారి వాగు దాటుతుంది. లేకపోతే వాగు దాకా పోయి, నీళ్ళు చూసి, తిరిగి ఇంటికి రావడమే.

దస్తగిరి పోయి రైల్వే ఆఫీసరును అడిగాడు. ఆయన మంచివాడే, కానీ కచ్చితం మనిషి. "గురువారం వచ్చి చూస్తాను. గట్టిగా ఉంటే తాళం తీస్తాను. లేకపోతే లేదు" అన్నాడు.

అప్పుడు గనుల వాళ్ళు అమ్ముడుపోని బండలు వంద దాకా తెచ్చి స్టేషను ముందు పోశారు. బెత్తెడు మందం, నిలువెత్తు పొడవు. ఓబులమ్మ పనివాళ్ళకు కుండతో మంచినీళ్ళు తెచ్చింది. కుండ దించి, అలవాటు కొద్దీ వేలి కణుపుతో ఒక బండను తట్టింది.

కుమ్మరి చెయ్యి ఊరుకోదు బంగారూ. కుండ కనిపిస్తే తడుతుంది. మంచి కుండ ఖంగుమంటుంది. పగుళ్ళ కుండ దప్పుమంటుంది.

ఆ బండ దప్పుమంది.

"ఏమ్మా, బండతో పరాచికాలాడుతున్నావు?" అన్నాడు దస్తగిరి.

"ఇది పగిలింది అన్నా."

"యాడ పగిలింది? నా కంటికి కనపడలేదే!"

ఓబులమ్మ కుండలో నీళ్ళు కాసిని బండ మీద పోసింది. ఎండకు బండంతా ఆరిపోయింది. కానీ మధ్యలో వెంట్రుకంత సన్నగా ఒక గీత మాత్రం తడిగా నల్లగా మిగిలింది.

దస్తగిరి ముక్కున వేలేసుకున్నాడు. "చెల్లెలా, అన్నీ నువ్వే తట్టి చూడు. గుర్తు పెట్టు. మేము మోస్తాం" అన్నాడు.

ఓబులమ్మ చిన్న పిడతలో సున్నం కలుపుకుంది. పొద్దు వాలేదాకా వంగి బండలన్నీ తట్టింది. పగిలినవాటికి తన ఇంట్లో పెట్టినట్టే సున్నపు బొట్టు పెట్టింది. వాళ్ళ ఇంట్లో బొట్టు పెట్టిన కుండ సంతకు పోదు. కోడి గుడ్లు పెట్టుకోవడానికి ఇరుగింటికి పోతుంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని, కుండలు కాల్చే పని ఉందని ఇంటికి పోయింది. మూడు రోజులు మళ్ళీ ఇటు రాలేదు.

మోసే గుంపుకు పెద్ద సుంకులమ్మ. గనిలో బండలెత్తే మనిషి. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆమె వచ్చి చూసింది. కొన్ని బండలకు బొట్టుంది, కొన్నిటికి లేదు. వంతెనకు కావలసినవి ముప్పై. బొట్టు పెట్టినవి లెక్కపెడితే ముప్పై రెండు.

"చూసినారా, లెక్క కూడా సరిపోయింది! రెండు ఎక్కువే పెట్టింది మా వదిన" అని మురిసిపోయింది సుంకులమ్మ.

బొట్టు పెట్టినవన్నీ గేటు పైనుంచి అందించుకుంటూ వంతెన మీదికి మోశారు. పెట్టనివి స్టేషను ముందే ఉంచారు, తీరిగ్గా అరుగులు కట్టుకుందామని.

అయ్యో అంటున్నావా? ఊఁ అనమంటే అయ్యో అంటున్నావు. ఆగు మరి.

గురువారం వచ్చింది. ఓబులమ్మ తోపుడు బండిలో వరిగడ్డి పరిచి, ముప్పై కుండలు పేర్చుకుని వచ్చింది. పక్కన మద్దిలేటి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వంతెన ముందు ఊరంతా ఉంది. ముందు వరసలో బడిపిల్లలు. ఆఫీసరు తాళాల గుత్తి చేతిలో పట్టుకుని, బండి దాటితే చూద్దామని అప్పుడే గేటు తీశాడు.

"చెల్లెలా, మొదటి బండి నీదే. కానివ్వు" అన్నాడు దస్తగిరి.

ఓబులమ్మ బండి తోసుకుంటూ పోయి చూసింది. వంతెన మీద వరసగా తెల్లటి బొట్లు.

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. పండగలాంటి రోజు కదా, అన్నిటికీ బొట్లు పెట్టారేమో అనుకుంది. వంగి మొదటి బండను తట్టింది. దప్పు. చెయ్యి చాచి రెండోది తట్టింది. దప్పు. గేటు పట్టుకుని ఒరిగి మూడోది తట్టింది. అదీ దప్పే.

అప్పుడు ఓబులమ్మకు సంగతి తెలిసింది. నోరు విప్పితే ఆఫీసరు తాళం వేస్తాడు. తాళం పడితే సారె గొడ్ల పాకలోకి పోతుంది. నోరు మూసుకుంటే గేటు తెరిచే ఉంటుంది.

వెనక్కి తిరిగి చూసింది. పిల్లలు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని రైలు పెట్టెల్లా నిలబడి ఉన్నారు. ముందున్న పిల్ల అప్పుడే కూత కూడా వేసింది.

ఓబులమ్మ బండిని గేటుకు అడ్డంగా తిప్పింది.

"ఎవరూ కాలు పెట్టొద్దండీ! ఇవన్నీ పగిలిన బండలు" అంది.

సుంకులమ్మ ముందుకు వచ్చింది. "ఏంది వదినా ఆ మాట? నువ్వు బొట్టు పెట్టినవే కదా ఏరి ఏరి మోసినాం!"

"పగిలినవని తెలియాలనే కదా బొట్టు పెట్టింది!"

"పగిలినదానికి ఎవరన్నా బొట్టు పెడతారా తల్లీ? మా ఆడబిడ్డ పెళ్ళికి కుండలకు సున్నం బొట్లు పెట్టి తెచ్చింది నువ్వు కాదా? అవీ పగిలినవేనా?"

జనం గొల్లుమన్నారు. ఓబులమ్మకు కూడా నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెళ్ళి కుండకూ బొట్టే, పగిలిన కుండకూ బొట్టే. ఏది ఏదో తన ఇంట్లో తనకు తెలుసు. వేరేవాళ్ళకు చెప్పాలని తోచనే లేదు.

దస్తగిరి నవ్వలేదు. కంకర నింపిన గోనెసంచి ఒకటి ఎత్తి, గేటు బయటి నుంచే మూడో బండ మీదికి విసిరాడు. బండ మధ్యకు రెండుగా విరిగి, సంచితో సహా వాగులో పడింది. చప్పుడు చాలాసేపు వినిపించింది.

కూత వేసిన పిల్ల నాలుగడుగులు వెనక్కి వేసింది.

ఆఫీసరు గేటు మూయబోయాడు. "సారూ, సాయంత్రం దాకా ఆగండి" అన్నాడు దస్తగిరి.

"ఐదింటికి నా బస్సు" అన్నాడు ఆఫీసరు.

"అంతవరకే."

 అప్పుడు ఓబులమ్మ బండిలోంచి కుండలు ఒక్కొక్కటీ దించి దారి పక్కన గడ్డి మీద పెట్టింది. మద్దిలేటి వాటికి కాపలా కూర్చున్నాడు. ఆమె ఖాళీ బండి తోసుకుంటూ స్టేషనుకు పోయింది. ఆ వారం సంత ఆమెకు లేనట్టే.

బండికి మూడు బండలు పట్టాయి. పది సార్లు తిరిగారు. సుంకులమ్మ ఎత్తేది, ఓబులమ్మ మళ్ళీ తట్టేది, దస్తగిరి పరిచేవాడు. బొట్టు బండలు వాగు ఒడ్డున మెట్లయ్యాయి. అక్కడ నేల మోస్తుంది కాబట్టి భయం లేదు.

"వదినా, ఇంకోసారి నాకు బొట్టు పెడితే ఇంట్లోకి రానియ్యను" అంది సుంకులమ్మ చెమట తుడుచుకుంటూ.

"నీకు పెట్టను లేమ్మా. నువ్వు ఖంగుమంటావు" అంది ఓబులమ్మ.

నాలుగున్నరకు ముప్పయ్యో బండ పడింది. ఆఫీసరు వంతెన మీదికి వచ్చి, తాళాల గుత్తితో ఒక్కొక్క బండనూ తట్టుకుంటూ అవతలికి పోయాడు. ఖంగు, ఖంగు, ఖంగు. తిరిగి వచ్చి గుత్తిలోంచి ఆ రెండు గేట్ల తాళంచెవులూ తీసి దస్తగిరి చేతిలో పెట్టాడు. బస్సుకు టైమైందని పోయాడు. అంతే, ఉపన్యాసం లేదు.

ఆ రోజే ఊరంతా కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. మంచిదానికి బొట్టు, పగిలినదానికి గీత. వింత చూడు బంగారూ, అక్షరాలూ ఇంతే కదా. ఆ వంకర గీతను అ అనమని ఎవరు చెప్పారు? అందరూ ఒప్పుకున్నారు కాబట్టి అది అ. ఒక్కరే పెట్టుకుంటే ఉత్త గీతే. నాలాగా ముసలితనంలో పలక పట్టినవాళ్ళకు ఆ వింత ఇంకా పోదు.

నిద్ర వస్తోందా? కొంచెమే ఉంది.

ఆ తర్వాతి గురువారం ఓబులమ్మ ఒక్కతే బండి తోసుకుని పోయింది. మద్దిలేటి సారె పక్కన మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. పెరికేద్దామా, ఉంచుదామా అని దాన్నే చూస్తున్నాడు. పొద్దు గుంకే వేళకు చక్రాల చప్పుడు వినిపించింది.

"ఎన్ని పగిలినయి?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఓబులమ్మ బండిలోని గడ్డి తీసి విదిలించింది. ఒక్క పెంకు రాలలేదు. పోయి మద్దిలేటి పక్కన కూర్చుని, సారె మీద వేలి కణుపుతో ఒకసారి తట్టింది.

"పై వారానికి నలభై కావాలంట. మన్ను నానబెట్టు" అంది.

మద్దిలేటి లేచి నీళ్ళ కడవ అందుకున్నాడు.

బొట్టు బండ ఒడ్డులోకి,
గట్టి బండ దారిలోకి,
కొత్త కుండ సంతలోకి,
కథేమో కంచిలోకి,
మనమేమో దుప్పట్లోకి!