గేదె కడుపులో తరవాణి కుండ

ఒకప్పుడు గేదెలకు నెమరు వెయ్యడం తెలియదు. గడ్డి నోట్లో పెట్టుకుంటే అది మెత్తటి ముద్దయ్యేదాకా నిలబడిన చోటే నమలాలి. ఆ ముద్ద మింగాకే ఇంకో పరక ముట్టుకోవాలి. ఇది వాటి తాతలనాటి కట్టుబాటు. నమలకుండా మింగిన గేదెను మిగతావి పక్కన నిలబడనిచ్చేవి కావు. కప్పను మింగే పాములాగా అదేం తిండి అని మూతి తిప్పుకునేవి.

అందుకని వాటికి రోజంతా మేతతోనే సరిపోయేది. తెల్లారకముందు మొదలుపెట్టినా పొద్దు వాలేసరికి పొట్ట సగమే నిండేది.

ఒక కొండ కింద ఊళ్ళో బొల్లి అనే గేదె ఉండేది. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి దానికా పేరు. బొల్లికి ఒక దూడ. ఇంకా పాలు తాగే దూడే, గడ్డి కొరకడం రాదు. ఆ తల్లీబిడ్డల్ని సాకే ఇల్లాలి పేరు పైడమ్మ.

ఊళ్ళో గడ్డి తక్కువ. మంచి గడ్డంతా కొండవాలులోనే ఉంది. మోకాలెత్తు పెరిగి, గాలి వీస్తే అలలు అలలుగా ఊగేది. కానీ ఆ కొండ మీద గుహలో ఒక చిరుత ఉండేది. ఎండ ఉన్నంతసేపూ బద్ధకంగా పడుకునేది. కొండ నీడ పచ్చిక మీద పడగానే లేచి, ఒళ్ళు విరుచుకుని, మెల్లగా కిందికి దిగేది.

నీడ పడకముందే ఇంటిదారి పట్టిన పశువుకు భయం లేదు. నీడ పడ్డాక కూడా అక్కడే ఉంటే, ఇక దాని అదృష్టం.

చిక్కంతా అక్కడే వచ్చింది. నీడ పడేలోగా బొల్లికి కడుపు నిండదు. కడుపు నిండేదాకా ఉంటే చిరుత వస్తుంది.

ఒకరోజు బొల్లి దూడను కూడా వెంట తీసుకెళ్ళింది. తన పక్కనే ఉంటుంది కదా, ఏం కాదులే అనుకుంది. తల వంచుకుని నములుతూ ఉంది. నములుతూనే ఉంది. నీడ ఎప్పుడు పడిందో చూసుకోలేదు. దూడ మాత్రం ఒక బండకేసి చూస్తూ, "అమ్మా, ఆ బండకు తోక ఉంది" అంది.

బొల్లి తలెత్తింది. నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా దూడను ముట్టెతో ముందుకు నెట్టుకుంటూ పరుగు తీసింది. చిరుత ఎగిరి పంజా విసిరింది. గోళ్ళు దూడ తొడ మీద గీసుకున్నాయి గాని, పట్టు దొరకలేదు. వాగు దాటి, ఊరి పొలిమేర దాటి, పాకలోకి వచ్చి పడ్డాకే తల్లీబిడ్డలు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ మర్నాటి నుంచి దూడ పాకలోనే ఉండిపోయింది. బొల్లి ఒక్కతే కొండకు వెళ్ళి, నీడ పడకముందే తిరిగొచ్చేది. ప్రాణభయం తప్పింది. కానీ సగం కడుపుతో వచ్చిన గేదెకు పాలెక్కడివి? రోజురోజుకూ పాలు తగ్గిపోయాయి. దూడ పొదుగును తలతో కుమ్మేది. కుమ్మి కుమ్మి చివరికి తల్లి ముఖంలోకి చూసి, "అయిపోయాయా అమ్మా?" అని అడిగేది. బొల్లి దాని వీపు నాకుతూ నిలబడేది. దూడ పక్కటెముకలు నాలుకకు తగిలేవి.

అవి నాట్ల రోజులు. పైడమ్మ పొద్దు పొడిచేసరికి చేలో ఉండాలి. మునుపైతే ఆమె చీకటితోనే లేచి, తడికట్టెలు ఊదలేక ఊది, పొగకు కళ్ళు నలుపుకుంటూ వండేది. అన్నం ఉడికేలోపే తోటివాళ్ళు పిలిచేవారు. పిల్లలకు సగం కడుపు, ఆమెకు పూర్తిగా పస్తు. ఇప్పుడలా లేదు. కొన్నాళ్ళుగా పొద్దున పూట ఆ ఇంట్లో పొగే లేవడం లేదు. అయినా పిల్లలు మూతులు తుడుచుకుంటూ ఆటలకు పోతున్నారు. పైడమ్మ కూనిరాగం తీస్తూ చేనికి పోతోంది.

బొల్లి ఇదంతా పాకలోంచి చూసింది. ఒక సాయంత్రం పైడమ్మ కుడితి తెచ్చి తొట్టిలో పోస్తుంటే ఉండబట్టలేక అడిగింది.

"అమ్మా, పొద్దున్నే పొయ్యి వెలగకుండా మీకు తిండెలా వస్తోంది?"

పైడమ్మ నవ్వింది. "నీ కంట కూడా పడిందా? మా అత్త అయితే పొయ్యి వెలగని ఇల్లు అని నాలుగిళ్ళకూ చెప్పుకొచ్చింది. చెప్పుకోనీ. ఆ కుండ చూశావా?"

చూరు కింద చల్లటి మూలలో ఒక కుండ ఉంది. మూతికి పలచటి గుడ్డ కట్టి ఉంది.

అది తరవాణి కుండ అని పైడమ్మ చెప్పింది. గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ అందులో పోసి పులవనిస్తుందట. రాత్రి ఒక్కసారే ఎక్కువ వండి, మిగిలిన అన్నం ఆ నీళ్ళలో వేస్తుందట. తెల్లారేసరికి అన్నం వెన్నలా నాని, కమ్మగా పులిసి ఉంటుంది. ఇంత ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ, ఒక ఉల్లిపాయ ఉంటే చాలు. దానికి తోడు ఎండలు కాసిన రోజుల్లోనే వరుగులు ఎండబెట్టుకుంది, కందిపొడి కొట్టి జాడీకెత్తుకుంది. కట్టెలు మిగిలాయి. కట్టెల కోసం కొండకు పోయే పనీ సగం తప్పింది.

"నేను పడుకున్నా కుండ పడుకోదే, బొల్లీ. రాత్రంతా దాని పని అది చేసుకుంటుంది. తీరిక ఉన్నప్పుడు నింపుకుంటాను, అవసరమైనప్పుడు తింటాను. అంతే," అంది పైడమ్మ.

బొల్లి తొట్టిలో మూతి పెట్టింది గాని తాగలేదు. ఆలోచనలో పడింది. తర్వాత పైడమ్మ వింటుండగానే తల వెనక్కి తిప్పి తన పొట్టను పిలిచింది.

"పొట్టా, పొట్టా."

"ఏం పెట్టావని పిలుస్తున్నావు?" అంది పొట్ట. ఆకలి మీద ఉన్న పొట్టకు మర్యాద తక్కువ.

"నువ్వు తరవాణి కుండవవుతావా?"

బొల్లి తన ఆలోచన చెప్పింది. కొండ మీద నమలకుండా గబగబా మింగేస్తుంది. పొట్ట దాన్ని దాచిపెట్టి నానబెట్టాలి. ఇంటికొచ్చి పడుకున్నాక ముద్దలు ముద్దలుగా పైకి పంపాలి. అప్పుడు తీరిగ్గా నములుకుంటుంది.

పొట్ట కాసేపు గుడగుడలాడింది. "సగం ఖాళీగా పడి ఉండేకన్నా కుండ అవ్వడం నయమే. కానీ ముందే చెబుతున్నా, నాకు పళ్ళు లేవు. నమిలే పని నా మీద పెట్టకు" అంది.

ఒప్పందం కుదిరింది.

మర్నాడు బొల్లి కొండవాలుకు వెళ్ళి మేత మొదలుపెట్టింది. నాలుకతో గడ్డి చుట్టడం, పుటుక్కున తెంపడం, గుటుక్కున మింగడం. పక్కనున్న గేదెలు నమలడం ఆపి చూశాయి. ఒక ముసలి గేదె దూరంగా జరిగి నిలబడింది. సంతకు బరువులు మోసే గుర్రం ఒకటి అక్కడే మేస్తోంది. అది సకిలించి, "ఇల్లేమైనా అంటుకుందా, అంత తొందర?" అని అడిగింది.

బొల్లి తలెత్తకుండా మేసింది. ఇంకా ఇంకా మింగింది. గొంతుదాకా కుక్కింది. వాగు దాటే వచ్చినా, ఆలస్యమవుతుందని నీళ్ళు తాగలేదు. పాకలోకి వచ్చేసరికి ఎడమవైపు డొక్క గంగాళం బోర్లించినట్టు ఉబ్బిపోయింది. ఊపిరాడలేదు. ధబ్బున కూలబడింది.

"అమ్మా, లే అమ్మా" అని దూడ ఏడుస్తూ చుట్టూ తిరిగింది. "నాకు పాలు వద్దులే, లే."

చేలోంచి వచ్చిన పైడమ్మ ఒక్క చూపులో సంగతి గ్రహించింది. డొక్క మీద తట్టింది. డప్పు మోగినట్టు మోగింది. లోపలికి పరుగెత్తి, నువ్వులనూనెలో వాము దంచి కలిపి, వెదురు గొట్టంతో బొల్లి గొంతులో పోసింది. పోసి, డొక్క పాముతూ కూర్చుంది. అత్త కూడా వచ్చి రెండోవైపు కూర్చుంది.

కాసేపటికి బొల్లి నోట్లోంచి బ్రేవ్‌మని ఒక తేన్పు వచ్చింది. పాక చూరు మీది పిచ్చుకలు లేచిపోయాయి. వెంటనే ఇంకోటి వచ్చింది. డొక్క దిగింది. దూడ వచ్చి తల్లి మెడ మీద తల ఆన్చింది.

పైడమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది. అప్పుడు మొదలయ్యాయి చీవాట్లు.

"పొట్టను కుండ చెయ్యాలనుకున్నదానివి కుండను చూసి నేర్చుకోవద్దా? నీళ్ళు లేకుండా నానుతుందటే? నేనెప్పుడైనా మూతిదాకా కుక్కుతానా? పులిసేది పొంగుతుంది, దానికి చోటుండాలి. మూత బిగించానా? గుడ్డే కదా కట్టాను, లోపలి గాలి బయటికి పోవాలని. నీకు తేన్పొస్తే తేన్చు, సిగ్గుపడకు."

"ఇంకోటి చెప్పవే" అని అత్త అందుకుంది. "కుండ ఎప్పుడూ ఊడ్చి ఖాళీ చెయ్యకూడదు. అడుగున పాత పులుపు కొంచెం ఉంచితేనే కొత్తది పులుస్తుంది." పైడమ్మ అత్తవైపు వింతగా చూసింది. అత్త ముఖం తిప్పుకుంది. పొద్దున్నే ఆ కుండలోంచి రెండుసార్లు వడ్డించుకుని తినేది ఆవిడే మరి.

బొల్లి అన్నీ విన్నది. పొట్ట కూడా విన్నది.

ఒళ్ళు కుదుటపడ్డాక బొల్లి మళ్ళీ కొండకు వెళ్ళింది. గబగబా మేసింది, గొంతుదాకా కుక్కలేదు. ఎండ ఇంకా చుర్రుమంటుండగానే మేత ముగించి వాగులో దిగింది. కడుపారా నీళ్ళు తాగింది. దారిలో ఒకసారి నిస్సంకోచంగా తేన్చింది. ముసలి గేదె చీదరించుకుంది. గుర్రం నవ్వింది.

బొల్లి పాకలోకి వచ్చి కాళ్ళు మడుచుకుని పడుకుంది. కాసేపు ఏమీ కాలేదు. దూడ తల్లి నోటికేసి చూస్తోంది. ఇంతలో గొంతు కింద ఏదో కదిలింది. ఒక గుండ్రటి ముద్ద మెడలోంచి పైకి జారి నోట్లోకి వచ్చింది.

"ఇదిగో, పట్టుకో" అంది పొట్ట లోపల్నుంచి.

బొల్లి నమిలింది. ముద్ద మెత్తగా నానింది. కొంచెం పులుపు, కొంచెం తీపి. నమిలి మింగితే ఇంకోటి వచ్చింది. తొందరలేదు, తల తిప్పి చూసుకునే పనిలేదు. ఎదురుగా దూడ ఉంది, వెనక గోడ ఉంది. బొల్లి కళ్ళు వాటంతటవే సగం మూతపడ్డాయి. ముక్కులోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. ఎన్నాళ్ళనుంచో లోపల బిగబట్టిన ఊపిరి అది.

ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి పొదుగు బరువెక్కింది. దూడ అలవాటు కొద్దీ తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. రెండో కుమ్ము అక్కర్లేకపోయింది. పాలు మూతికి రెండువైపులా నురగలు కట్టి కారాయి. తాగి తాగి, అయిపోయాయా అని అడగడం మరిచిపోయి, తల్లి కాళ్ళ దగ్గరే నిద్రపోయింది. పైడమ్మ తరవాణి అన్నం గిన్నెతో పాక గుమ్మంలో కూర్చుని అది చూస్తూ తిన్నది. ఆ రోజు ఆమెకు అన్నం ఇంకాస్త రుచిగా అనిపించింది.

ఆ సాయంత్రం మిగతా గేదెలు చిరుత తరిమితే రొప్పుకుంటూ ఊళ్ళోకి పరుగెత్తి వచ్చాయి. పాక ముందు నుంచి పోతూ బొల్లిని చూశాయి. హాయిగా పడుకుని, కళ్ళు మూసుకుని, నోరు ఆడిస్తోంది. ముసలి గేదె ఆగిపోయింది. కాసేపు రొప్పి, గొంతు సవరించుకుని, "ఏమే, ఆ కిటుకేదో మాకూ కాస్త చెప్పకూడదా?" అని అడిగింది.

బొల్లి అన్నీ చెప్పింది. నీళ్ళ సంగతి రెండుసార్లు చెప్పింది.

గేదెలు నేర్చుకున్నాయి. వాటిని చూసి ఆవులు, మేకలు, గొర్రెలు, అడవిలో జింకలు నేర్చుకున్నాయి. చిరుత రోజూ నీడతోపాటు దిగి రావడం, కొరికిన గడ్డి మోళ్ళు తప్ప ఏమీ కనపడక నిలబడిపోవడం. చివరికి విసుగొచ్చి కొండ అవతలికి వెళ్ళిపోయింది. గుర్రం మాత్రం, "నాకు కాళ్ళున్నాయి, ఎవరొచ్చినా పరుగెత్తగలను, కడుపులో కుండలు నాకెందుకు?" అంది. అందుకే అది ఈనాటికీ నిలబడిన చోటే నమిలి మింగుతుంది.

అప్పటినుంచే గేదె గబగబా మేసి, నీళ్ళు తాగి, ఒకచోట చేరి తీరిగ్గా నెమరు వేస్తుంది. దగ్గర కూర్చుని చూస్తే ముద్ద మెడలో పైకి రావడం మీకే కనిపిస్తుంది. అప్పుడది సగం కళ్ళు మూసుకుని ఒక నిట్టూర్పు విడుస్తుంది. ఒకప్పుడు నీడను చూసి పరుగెత్తిన గేదె, ఇప్పుడు నీడ ఎక్కడుందా అని వెతుక్కుని మరీ పడుకుంటుంది.