లక్క బిళ్ళలకు ఆఖరి మనిషి

మాణిక్యపురి ఖజానా అధికారి విరూపాక్షయ్య వెండి నాణేలకు బదులు లక్క బిళ్ళలు ముద్ర వేయించాడు. లక్కను ఎవరు నమ్ముతారు? అందుకని, బిళ్ళలు వాడేవాళ్ళలో కొత్తగా ఒకరిని చేర్పించినవాళ్ళకు దోసెడు బిళ్ళలు బహుమానమని చాటింపు వేయించాడు. ఇంకేం, బావ బావమరిదిని, అత్త కోడలిని లాక్కొచ్చి చేర్పించారు. ఇళ్ళనిండా బిళ్ళలే. ఖజానాకు కట్టే పన్ను మాత్రం వెండిలోనే కట్టాలి. అందుకే అంగట్లో బిళ్ళకు చిటికెడు ఉప్పు కూడా పుట్టలేదు. గానుగవాడు బిళ్ళలకు నూనె పొయ్యనన్నాడు, గారెలమ్మే నూకాలు పొయ్యి ఆరిపోయింది.

"ఇంకా చేరనివాళ్ళెవరైనా ఉన్నారా?" అని రాజుగారు నిండు సభలో అడిగారు.

"ఒక్కరూ లేరు ప్రభూ!" మీసం దువ్వాడు విరూపాక్షయ్య.

"ఒకరున్నారు మారాజా, నేను చేర్పిస్తాను," అంటూ నూకాలు వచ్చి విరూపాక్షయ్య ముందే నిలబడింది. "ఈ అయ్యగారే! బిళ్ళలు ఇవ్వడమే గానీ ఇంతవరకూ ఒక్కటీ పుచ్చుకోలేదు. ఇదిగో అయ్యా, నా గారెల కొట్టు పన్ను."

బిళ్ళలు చూసి విరూపాక్షయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వే ముట్టుకోని బిళ్ళను నా ప్రజలెందుకు ముట్టుకుంటారయ్యా?" అన్నారు రాజుగారు.

విరూపాక్షయ్య చెయ్యి చాపి పన్ను కింద ఆ బిళ్ళలు పుచ్చుకున్నాడు. ఆ కబురు అంగడికి చేరగానే గానుగ తిరిగింది.

రాజుగారు పకపకా నవ్వి, "బహుమానం నీదే నూకాలూ. నీకు మాత్రం వెండి ఇప్పిస్తాలే," అన్నారు.

నూకాలు కొంగు పట్టింది.

"వెండెందుకు మారాజా, బిళ్ళలే పొయ్యండి. ఇప్పుడవి చెల్లుతాయిగా!"