మట్టి ఎగదోసిన మడమొక్కలు

లతీఫ్ నాటిన మడమొక్కలు చచ్చిపోతున్నాయి.

గోదావరి సముద్రంలో కలిసేచోట, తన గురువు దాదా సాహెబు గుడిసె ముందున్న బురదనేలలో రెండేళ్ల కిందట నాటాడు వాటిని. ఉప్పెన వస్తే పల్లెకు అడ్డుంటాయని ఆశ. ఈ ఏడు వరదకు ఆ నేల మీద జానెడు ఒండ్రు మేట వేసింది. లతీఫ్ మెట్టప్రాంతపు మిరప రైతు కొడుకు. మట్టి ఎంత ఉంటే మొక్కకు అంత బలమనుకుని, ఇంకో జానెడు తెచ్చి ప్రతి మొదలుకూ ఎగదోశాడు. మంచికి పోతే చెడు ఎదురైంది.

"ఇంత చేసినా ఆకు పండిపోతోంది, బాబా. అక్కడ నూకరత్నమూ అంతే" అన్నాడు గురువుతో.

నూకరత్నం మొగుడు వేటకెళ్లి సముద్రంలో పోయాడు. నాలుగు రోజులుగా ఆమె ముద్ద ముట్టలేదు, ఏడవనూ లేదు. లతీఫ్ రోజూ వెళ్లి ఓర్పు గురించి, దేవుడి దయ గురించి గంటలకొద్దీ చెప్పి వస్తున్నాడు. నిన్న ఆమె తలుపేసుకుంది.

"ఇలాగైతే ఆ మనిషి దక్కదు. ఇంకేం చెప్పమంటారు?"

దాదా సాహెబు లుంగీ ఎగ్గట్టి బురదలోకి దిగాడు. ఒక మొక్క దగ్గర గొంతుక్కూర్చుని చేత్తో మట్టి తీయసాగాడు. రెండు జానల లోతున, పైకి నిక్కి ఉన్న సన్నటి వేళ్లు బయటపడ్డాయి. కొన్ని కుళ్లిపోయాయి. కొన్నిటిలో ఇంకా ప్రాణముంది.

"ఇది మిరప కాదు నాయనా. దీని ఊపిరి ఈ వేళ్లలో ఉంది."



మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నూకరత్నం ఇంటికి వెళ్లారు. దారి పొడవునా లతీఫ్ చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాడు. గురువు మాత్రం మూసిన తలుపు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. పిలవలేదు. పొద్దెక్కింది. లతీఫ్ నోరు తెరవబోతే, గోళ్లలో ఇంకా బురద ఉన్న చెయ్యి అతని మోకాలి మీద పడింది.

మధ్యాహ్నానికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. చాలాసేపు వినిపించింది. తర్వాత తలుపు తెరుచుకుంది.

"ఆయనకి రొయ్యలిగురంటే పేనవండీ" అంది నూకరత్నం, గడపలో కూలబడి. మొగుడి గురించి ఇంకా ఏవేవో చెప్పింది. వాళ్లు విన్నారు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"పొద్దున్నించీ ఎండలో కూకున్నారు. ఏవన్నా తిన్నారాండీ?"

ఎసరు పెట్టి, ముగ్గురికీ వడ్డించింది.

తిరిగొచ్చాక లతీఫ్ గుడిసెలోకి వెళ్లలేదు. నేరుగా బురదలోకి దిగి, రెండో మొక్క దగ్గర మోకరిల్లాడు.

"ఇవాళ ఆమెకి ఏం చెప్పావు?" గట్టు మీది నుంచి అడిగాడు గురువు.

లతీఫ్ తల వంచుకుని రెండు చేతులతో మట్టి తీస్తున్నాడు.