సోమవారం ఫలహారం

ప్రశ్న అడిగితే జవాబు చెప్పడం రుద్రయ్యగారికి అలవాటు లేదు. చెప్పులు తొడుక్కోవడం అలవాటు. అడిగినవాడు నోరు మూసుకుని వెంట నడవాల్సిందే.

ఆ ఏడు దేశానికి కొత్త అధ్యక్షుడొచ్చాడు. వచ్చీ రాగానే, ప్రతి ఇల్లూ సోమవారం రాత్రి అన్నం మానుకుని, మిగిలిన బియ్యం కరువు ఊళ్ళకు పంపాలని రేడియోలో కోరాడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. సభ పెట్టి, చేతులు చాచి ప్రమాణం కూడా చేసింది. తీరా రుద్రయ్యగారి శిష్యుడు పరాంకుశం సంచీ పట్టుకుని బియ్యానికి బయల్దేరితే, ఒకాయనకు చక్కెర జబ్బు అడ్డొచ్చింది. ఇంకొకాయన ముందు పెద్దవాళ్ళని మానమనండి అన్నాడు. ఒక మహాతల్లి పురుగుపట్టిన నూకలు దోసెడు పోసి తలుపేసుకుంది. పరాంకుశానికి ఒళ్ళు మండిపోయింది. తను మూడు సోమవారాలుగా రాత్రిపూట మెతుకు ముట్టలేదు మరి! ఆ మాట వీధిలో ప్రతి గుమ్మంలోనూ చెప్పి, వాళ్ళను నాలుగు దులిపి మరీ వచ్చాడు.

"వీళ్ళకు సిగ్గెందుకు లేదండీ?" అని గురువుగారిని అడిగాడు.

రుద్రయ్యగారు చెప్పులు తొడుక్కున్నారు. బియ్యం తీసుకెళ్ళడానికి కరువు ఊరి నుంచి వచ్చి సత్రంలో దిగిన సుంకులమ్మను వెంటబెట్టుకుని, దీపాలు పెట్టే వేళకు తిన్నగా పరాంకుశం ఇంటికే నడిచారు. పరాంకుశం ఇల్లాలు ముగ్గురికీ ఆకులు వేసింది. సోమవారం కదా అని ఎప్పటిలాగే పెసరట్లు, వాటి మీద జీడిపప్పు ఉప్మా, పక్కన అల్లప్పచ్చడి, ధారగా నెయ్యి వడ్డించింది.

ఇయ్యాల మీకు పస్తని చెప్పినారే అని సుంకులమ్మ మెల్లిగా అడిగింది. అన్నం మానేశానమ్మా, ఇది ఫలహారం అని పరాంకుశం ఓపిగ్గా వివరించాడు.

ఆవిడ నమ్మింది. అందులో వెటకారమేమీ లేదు.

"మేమూ అన్నం మానుకొని మూడు నెలలాయె సామీ. ఇట్ల మానుకోవచ్చని మాకెవురూ చెప్పల్యా."

తుంచిన ముక్క పరాంకుశం వేళ్ళలోనే ఉండిపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. గుమ్మం గుమ్మానా తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సుంకులమ్మ ముఖంలో తప్పుపట్టడం ఏ కోశానా లేదు. అందుకే అటు చూడలేకపోయాడు.

"తిను నాయనా," అన్నారు రుద్రయ్యగారు. "పెసరట్టు చల్లారితే బాగుండదు."