రాజుగారి పంటి నొప్పి

వేగవతీ నది ఒడ్డున వెనకటికి ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. చదువు గురించి తనకంటే తెలిసినవాడు లేడని ఆయన నమ్మకం.

ఒకనాడు కొత్త శాసనం చేశాడు. ఏ విద్యకైనా ఒకటే పరీక్ష. ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులు ఉంటాయి, విద్యార్థి ఒకటి ఎంచుకోవాలి. నెగ్గితే పట్టా. పట్టా లేనివాళ్లు పని చేయకూడదు, శిష్యులకు పట్టాలు రాని బడి నడవకూడదు.

ఊళ్లో సూరాంబ అనే ముసలి వైద్యురాలు ఉండేది. ఆమె శిష్యులు రోగుల పక్కన కూర్చుని, నాడి పట్టి, మందు నూరి నేర్చుకునేవారు. పరీక్షకు ఒక్కరూ వెళ్లలేదు. పౌర్ణమికి ఆమె బడి మూసేయమని ఆజ్ఞ వచ్చింది.

పౌర్ణమి ఇంకా రెండు రోజులుందనగా రాజుకు పంటి నొప్పి పట్టుకుంది. దవడ బూరెలా పొంగింది.

"ఆ సూరాంబను పిలవండర్రా!" అని మూలిగాడు.

ఆస్థానంలో కొండుభట్టు అనే చమత్కారి ఉన్నాడు. అతను చేతులు కట్టుకుని లేచాడు. "ఆమెకు పట్టా లేదు ప్రభూ. తమ శాసనం తమరే మీరితే ఎలా? వైద్యంలో ప్రథముడు వీరభద్రుణ్ని పిలిపించాను. నూటికి నూరు!"

వీరభద్రుడు పట్టుపంచె సవరించుకుంటూ వచ్చి, దంతాల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. సభ చప్పట్లు కొట్టింది.

"పేర్లు తర్వాత, నొప్పి సంగతి చూడు!" అన్నాడు రాజు.

"చిత్తం. జవాబులు సెలవివ్వండి."

"జవాబులేమిటి?"

"పై కుడి, పై ఎడమ, కింది కుడి, కింది ఎడమ. నాలుగూ ముందుంటే ఒకటి ఎంచుకుంటాను. లేకుండా నాకు అలవాటు లేదు ప్రభూ."

"తెలియకపోతే ఏం చేస్తావురా?"

"ఏదో ఒకటి పీకేస్తాను. తప్పు జవాబుకు శిక్ష లేదని శాసనంలోనే ఉంది కదా!" అంటూ వీరభద్రుడు పట్టకారు తీశాడు.

రాజు సింహాసనం వెనక్కి దూకాడు. "భట్టూ! వీణ్ని ఆపు!"

"ఆపడానికి నా దగ్గర పట్టా లేదు ప్రభూ," అన్నాడు కొండుభట్టు, కదలకుండా.

"శాసనం రద్దు! ఇప్పుడే రద్దు!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు కొండుభట్టు తాటాకూ గంటమూ ముందుకు చాచాడు. రాజు నిలబడే సంతకం గీశాడు.

సూరాంబ వచ్చింది. "నోరు తెరువు నాయనా," అని వేలు పెట్టి తడిమింది. "నిన్న వక్కలు నమిలావా?"

రాజు తలూపాడు.

"పళ్లన్నీ బాగానే ఉన్నాయి. చిగుళ్లలో వక్క ముక్క ఇరుక్కుంది." పుల్లతో ఒక్క మీటు మీటి తీసేసింది. ఉప్పునీళ్లు పుక్కిలించమంది.

వీరభద్రుడు తెల్లబోయాడు. "నాలుగు జవాబుల్లో ఏదీ కాదా?"

"వీణ్ని కొరత వేయించనా?" అన్నాడు రాజు కోపంగా.

"వద్దు, నా దగ్గరికి పంపు," అంది సూరాంబ. "చదివింది చాలానే ఉంది, ఇంతవరకూ ఎవరి నోట్లోకీ చూడలేదు, అంతే."

వీరభద్రుడు చేతులు జోడించాడు. "పరీక్ష ఎప్పుడమ్మా?"

"రేపు పొద్దున ఏ రోగి ముందొస్తే ఆ రోగితోనే."

రాజు దవడ పట్టుకుని పకపకా నవ్వాడు. భుజం మీది జరీ శాలువా తీసి కొండుభట్టుకు కప్పుతూ, "నాకే పాఠం చెప్పావు కదయ్యా," అన్నాడు.

"తమరు తొందరగానే నేర్చుకున్నారు ప్రభూ," అన్నాడు కొండుభట్టు, "పన్ను ఊడకముందే!"